డోర్నకల్ బిషప్ అజరయ్య గారు – పిడికెడు బియ్యం

మన సంఘం ప్రత్యేక సంచికకు ఎవరైనా మహనీయుని జీవితం రాసి ఇవ్వమని కార్యదర్శి గారు కబురు పెట్టినప్పుడు రెండు రోజులు ఆలోచించాను. గాంధీ గారి గురించి, అంబేడ్కర్ గారి గురించి నాకంటే బాగా రాయగల మిత్రులు మనలో ఉన్నారు. భద్రాచలం దారిలో ఉన్నవాళ్ళం గనుక రామదాసు గారి కథ మన పిల్లలకు కూడా కంఠతా వచ్చు. అయితే మన టేకులపల్లి నుంచి ఇల్లెందు మీదుగా పోతే వచ్చే డోర్నకల్ ఊరి పేరు ఒకప్పుడు ఇంగ్లండు, అమెరికా దేశాల పత్రికల్లో కనిపించేదని మనలో ఎంతమందికి తెలుసు? ఆ పేరు అంతదూరం వెళ్ళింది రైలు జంక్షన్ వల్ల కాదు. అక్కడ ముప్పై అయిదేళ్ళు కాపురముండి, ఆ మట్టిలోనే కలిసిపోయిన ఒక తమిళ పెద్దమనిషి వల్ల. ఆయనే బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు.

నేను పుట్టుకతో క్రైస్తవుణ్ణి. మన సంఘంలో అన్ని మతాలవాళ్ళూ ఉన్నారు. ఇది మత ప్రచారం కోసం రాస్తున్నది కాదని ముందే మనవి చేసుకుంటున్నాను. దేవుని మీద నమ్మకం ఒక మనిషిలో ఎలా గట్టిపడుతుంది అన్న ప్రశ్న ఏ మతంవాడికైనా ఉండేదే. ముఖ్యంగా రిటైరైన తర్వాత, హాజరు పట్టీలో సంతకం పెట్టాల్సిన పని లేని రోజుల్లో, ఆ ప్రశ్న తెల్లవారుజామునే లేచి మన పక్కన కూర్చుంటుంది.

అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి జిల్లాలోని వెల్లాలన్‌విళై అనే పల్లెలో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయగం గారు హిందూ మతం నుంచి క్రైస్తవంలోకి వచ్చి, ఆ పల్లెలోనే గురువుగా పనిచేసినవారు. తల్లి పేరు ఎల్లెన్. వారిది నాడార్ కులం. ఆ రోజుల్లో ఆ కులంవారిని పై కులాలవాళ్ళు గుడి మెట్ల దగ్గరికి కూడా రానిచ్చేవారు కాదు. మగపిల్లవాడి కోసం తల్లి చాలా ఏళ్ళు ప్రార్థన చేసిందనీ, అందుకే బైబిలులోని సమూయేలు పేరు పెట్టారనీ చెబుతారు. తండ్రి చిన్నతనంలోనే పోయారు. తల్లి క్రమశిక్షణలో పెరిగారు.

మద్రాసు క్రైస్తవ కళాశాలలో లెక్కలు ప్రధానాంశంగా బి.ఎ. చదివారు. తీరా చివరి పరీక్షల ముందు జబ్బుపడి పరీక్ష రాయలేకపోయారు. మళ్ళీ రాయనూ లేదు. అందుచేత డిగ్రీ చేతికి రాలేదు. డిపార్ట్‌మెంటల్ పరీక్షలు తప్పి ఏళ్ళ తరబడి ప్రమోషన్ కోసం ఎదురుచూసిన నాలాంటివాడికి ఈ సంగతి చదివినప్పుడు కొంచెం ఓదార్పుగా ఉంటుంది, దాచుకోవడమెందుకు. ఆ డిగ్రీ లేని మనిషికి 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

1895లో వై.ఎం.సి.ఎ.లో కార్యదర్శిగా చేరారు. మంచి ఉద్యోగం. దక్షిణ భారతమంతా తిరగడం, యువకులకు ఉపన్యాసాలివ్వడం, సంఘాలు స్థాపించడం పని. అమెరికా నుంచి వచ్చిన షెర్వుడ్ ఎడ్డీ అనే ఆయనతో స్నేహం అక్కడే కుదిరింది. 1898లో అన్బు అమ్మాళ్ గారిని వివాహం చేసుకున్నారు. దక్షిణ దేశంలో కాలేజీ చదువు చదివిన మొదటి తరం క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. కట్నం తీసుకోలేదు. పెళ్ళి ఆడంబరం లేకుండా జరిగింది. చుట్టాలందరూ మెచ్చుకునే పని కాదది. ఇప్పుడు మన మనవళ్ళ, మనవరాళ్ళ పెళ్ళి పందిళ్ళు చూస్తుంటే నూటపాతికేళ్ళ కిందటి ఆ నిర్ణయం ఎంత బరువైనదో తెలుస్తుంది.

1902లో ఆయన సింహళంలోని యాళ్పాణం, అంటే జాఫ్నా, వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుషుల్ని వేరే ప్రాంతాలకు సేవకు పంపుతున్నారు. తిరునెల్వేలిలో అంతకంటే పెద్ద సంఘం ఉంది, కాని దేనికైనా దొరల డబ్బు కోసం చేయి చాచడమే. ఇది ఆయనకు సిగ్గనిపించింది. తిరిగి వచ్చి 1903 ఫిబ్రవరిలో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించారు. మన మనుషులు, మన డబ్బు, మన నిర్వహణ అన్నది దాని నియమం. ఆ సొసైటీవారు సేవ కోసం ఎన్నుకున్న చోటు నిజాం రాష్ట్రంలోని మన డోర్నకల్ ప్రాంతం. 1905 డిసెంబరు 25న శ్రీరాంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ కూడా ఏర్పడింది. దానికీ ఆయనే కార్యదర్శి. కళాశాల నాటి మిత్రుడు కె.టి. పాల్ గారు ఆ పనిలో తోడున్నారు.

అసలు కథ ఇక్కడ మొదలవుతుందని నా అభిప్రాయం. అజరయ్య గారు ఊరూరా తిరిగి యువకులను కూర్చోబెట్టి, తెలుగు దేశంలో పల్లెలకు వెళ్ళి పనిచేయండి, ఇల్లూ వాకిలీ వదలండి అని చెబుతున్నారు. తాను మాత్రం మద్రాసులో కుర్చీలో కూర్చుని కార్యదర్శి పదవి చేస్తున్నారు. కొంతకాలానికి ఆ మాటలు ఆయనకే గుచ్చుకున్నాయి. ఇతరులను పొమ్మంటున్న చోటికి తాను పోకపోతే ఆ మాటకు విలువేమిటని తనను తానే ప్రశ్నించుకున్నారు. మనం సర్వీసులో ఎన్నో సర్క్యులర్లు చూశాం. పొదుపు చేయమని వచ్చిన సర్క్యులరు మీద సంతకం చేసిన అధికారి కారు దిగి నడిచింది చూశామా? అజరయ్య గారు దిగారు. 1909లో ఉద్యోగం వదిలేశారు. అప్పటికి వయసు ముప్పై అయిదు, భార్య, చిన్న పిల్లలు. గురువుగా అభిషేకం పొంది సంసారంతో డోర్నకల్ వచ్చారు.

అప్పటి డోర్నకల్ ఎలా ఉండేదో మన వైపువాళ్ళకు వర్ణించి చెప్పనక్కరలేదు. సింగరేణి బొగ్గు తవ్వకం ఇల్లెందులో 1889లో మొదలైంది. ఆ బొగ్గు కోసం డోర్నకల్ నుంచి ఇల్లెందుకు రైలు పట్టాలు వేశారు. పట్టాలు దాటితే అడవి, మన్యం జ్వరం, కలరా. పల్లెల్లో మాలవాడ, మాదిగవాడ జనం దొరల దగ్గర వెట్టిలోనూ, అప్పుల్లోనూ మగ్గుతున్నారు. మద్రాసు సభల్లో చక్కటి ఇంగ్లీషు మాట్లాడిన మనిషి ముప్పై అయిదో ఏట ఇక్కడికి వచ్చి తెలుగు అక్షరాలు దిద్దడం మొదలుపెట్టారు. భార్య కూడా నేర్చుకున్నారు. కొన్నాళ్ళకు ఆయన పల్లెటూరి జనానికి తెలుగులోనే వాక్యం చెప్పగలిగారు. రిటైరయ్యాక కంప్యూటరు నేర్చుకోమని మనవడు పోరు పెడితే నేను ఆరు నెలలు తప్పించుకు తిరిగాను. అందుకే ఈ విషయం దగ్గర నా కలం కాసేపు ఆగింది.

1910లో స్కాట్లండులోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అజరయ్య గారిని అక్కడ మాట్లాడమన్నారు. దొరలు నిండిన సభ. దొరలు మన దేశం కోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, కాని మన క్రైస్తవులను తమ సమానులుగా ఇంట్లో కూర్చోబెట్టి అన్నం పెట్టరు, తమకు కావలసింది వాళ్ళ స్నేహం అన్న భావం వచ్చేలా నిర్మొహమాటంగా చెప్పారు. సభలో కొంతమందికి కోపం వచ్చింది. ఆ మాటను వందేళ్ళు దాటినా ప్రపంచంలోని క్రైస్తవ సంఘాలు తలచుకుంటూనే ఉన్నాయి.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్ కెతెడ్రల్‌లో ఆయనను డోర్నకల్ బిషప్పుగా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ గారు ఆయన పక్షాన నిలబడ్డారు. తెల్ల మిషనరీలలో కొందరు నల్లవాడి కింద మేమెలా పనిచేస్తాం అన్న ధోరణిలో ఉన్నారు. మన దేశస్థులలో కూడా పై కులాల క్రైస్తవులు కొందరు నాడార్ కులంవాడికి ఈ పదవా అని వ్యతిరేకించారు. రెండు వైపులా వచ్చిన దెబ్బ అది. ఆయన ఎవరికీ జవాబు రాయడంలో కాలం వృథా చేయక టూరుకు బయలుదేరారు.

ఆయన టూర్ల గురించి కొంచెం విపులంగా రాయాలి. మనం టూరు అంటే జీపు, డి.ఎ., ట్రావెలర్స్ బంగళా. ఆయన ఎద్దుబండి మీద, సైకిలు మీద తిరిగేవారు. అన్బు అమ్మగారు కూడా చాలాసార్లు వెంట వెళ్ళేవారు. ఆడవాళ్ళను కూర్చోబెట్టి చదువు, పిల్లల పెంపకం, శుభ్రత చెప్పడం ఆమె పని. పల్లెలో నేల మీద కూర్చుని వాళ్ళు పెట్టిందే తినేవారు. ఎడింబరోలో దొరల నుంచి తాను అడిగింది ఇదే గదా. దాన్ని మాలవాడలో, మాదిగవాడలో ముందు తానే పాటించారు.

ఆయన రోజు తెల్లవారుజామున ప్రార్థనతో మొదలయ్యేది. ఊరికే పది నిముషాలు కళ్ళు మూసుకోవడం కాదు. తన డయోసీసులోని గురువులను, పంతుళ్ళను, బడులను, ఆసుపత్రులను పేరు పేరునా తలచుకుని దేవుని ముందు పెట్టేవారు. ఎక్కడ ఎవరికి జబ్బు, ఎవరు తాగుడులో పడ్డారు, ఎవరి మధ్య తగాదా ఉంది అన్నది ఆయన ప్రార్థనలో ఉండేది గనుక ఆయన బుర్రలోనూ ఉండేది. ఫైలు చూడకుండానే ఊరి సంగతి చెప్పగల తహసీల్దార్లను ఒకరిద్దరిని నా సర్వీసులో చూశాను. వాళ్ళకు ప్రజల మీద పట్టింపు ఉండబట్టే ఆ జ్ఞాపకశక్తి వచ్చింది.

పల్లె జనానికి ఆయన పెట్టిన పద్ధతి కూడా రోజువారీదే. ప్రతి పల్లెలో ఒక పంతులు. పగలు పిల్లలకు బడి. రాత్రి పొలాల నుంచి కూలీలు తిరిగి వచ్చి, గంజి తాగాక, గంట కొట్టి అందరినీ ప్రార్థనకు కూర్చోబెట్టడం. చదువురాని వాళ్ళకు పరలోక ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం నోటితో చెప్పించి, కథలుగా, కీర్తనలుగా పాడించి నేర్పడం. అవి వచ్చాకనే బాప్తిస్మం. ఆయన చివరి పదేళ్ళకు ఇలాంటి పంతుళ్ళు రెండు వేల పైచిలుకు ఉండేవారు. 1920 తరువాత కృష్ణా, గోదావరి ప్రాంతాల సంఘాలు కూడా ఆయన కిందికి వచ్చాయి. మన భద్రాచలం వైపు దుమ్ముగూడెంలో, గోదావరి పడవ మార్గం పనులకు వచ్చిన హేగ్ అనే ఇంజనీరు చొరవతో 1860 ప్రాంతంలో కోయవారి మధ్య మొదలైన మిషన్ కూడా డోర్నకల్ డయోసీసులో భాగమైంది. ఆయన పోయేనాటికి డయోసీసులో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది.

సంఖ్య చూసి ఇదంతా తేలికగా జరిగిందనుకోకూడదు. దినమంతా నడుము వంచి పనిచేసిన కూలివాడికి సాయంత్రం రెండు దారులు కనిపించేవి. ఒకటి కల్లు దుకాణం వైపు, ఒకటి ప్రార్థన గంట వైపు. ఇప్పసారా రుచి తెలిసిన మన ప్రాంతంవాళ్ళకు ఆ రెండో దారి ఎంత ఏటవాలుగా ఉంటుందో చెప్పాలా? పైగా ఒక్కరోజు ఎంచుకుంటే సరిపోదు. రేపు సాయంత్రం మళ్ళీ అదే కూడలి. మురికి, జబ్బు, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యాలను వెళ్ళగొట్టాలని అజరయ్య గారు పట్టుబట్టారు. చచ్చిన గొడ్ల మాంసం మానేశారు. ఆదివారం పనికి రాలేమన్నవాళ్ళకు దొరల చేత దెబ్బలు పడ్డాయి. ఊరి జాతరలో డప్పు కొట్టమన్నవాళ్ళకు పని పోయింది. వాళ్ళు తమ విశ్వాసాన్ని పుస్తకంలో చదివి నేర్చుకోలేదు, ఒక్కొక్క ఆదివారం, ఒక్కొక్క సాయంత్రం మూల్యం చెల్లించి సంపాదించుకున్నారు. ఆ మార్పును కళ్ళారా చూసి 1930 దశకంలో శూద్ర కులాలవాళ్ళు కూడా వేల సంఖ్యలో సంఘంలో చేరారు.

ఇక పిడికెడు బియ్యం సంగతి. కటిక పేదవాళ్ళు దేవునికి ఏమివ్వగలరు అని చాలామంది అనుకుంటారు. పేదవాడి దగ్గర కానుక అడగడం పాపం అనేవారూ ఉన్నారు. అజరయ్య గారి ఆలోచన దీనికి విరుద్ధం. ఇచ్చేవాడే నిలబడతాడు, ఎప్పుడూ పుచ్చుకునేవాడు వంగే ఉంటాడని ఆయన నమ్మకం. అందుకని వంట చేసే ప్రతిసారీ ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయడం, ఆదివారం దాన్ని గుడికి తీసుకురావడం అలవాటు చేయించారు. బియ్యం లేనివాళ్ళు జొన్నలు వేసేవారు. పంటల పండుగకు కోళ్ళు, గుమ్మడికాయలు, ధాన్యం తెచ్చేవారు. ఆ గింజలతో పంతులు జీతం నడిచేది, గుడికి కప్పు పడేది. క్రైస్తవుడు ఇవ్వవలసిన దానం గురించి ఆయన ఒక పుస్తకమే రాశారు.

మా అమ్మమ్మ ఇల్లెందు దగ్గర పల్లెలో కాపురం చేసింది. కోడి కూసే వేళకు లేచేది. చదువు లేదు. పొయ్యి పక్కన మసిబారిన చిన్న కుండ ఒకటి ఉండేది. నూకలు కడిగే ముందు చేయి అందులోకి వెళ్ళేది. ఆకలి రోజులు నాకు జ్ఞాపకం ఉన్నాయి. ఒక వానాకాలంలో చేటలో ఉన్నదే గుప్పెడు. దాంట్లోంచి కూడా తీసి కుండలో వేసింది. మా మేనమామ కేకలు వేశాడు. ఆమె ఏమీ అనలేదు. మిగిలిన నూకల్లో ఇంకో చెంబు నీళ్ళు పోసి జావ కాచింది. ఆమెకు డోర్నకల్ బిషప్పు దొరగారి మాట అంటే అంత గురి. అప్పుడు నాకు అది మూర్ఖత్వంగా కనిపించింది. నాకు పదేళ్ళుంటాయి, ఆకలిగా ఉంది.

పెద్ద పదవిలోని మనిషికి చిన్న అలవాట్లు సరిపోతాయా అని సందేహం రావచ్చు. దానికి డోర్నకల్‌లోని ఎపిఫనీ కెతెడ్రలే సమాధానం. ఇప్పటికీ వెళ్ళి చూడవచ్చు. గుమ్మటాలు, మినార్లు, కోవెల మండపాల్లాంటి స్తంభాలు, స్తంభాల మీద పూల చెక్కడం. దూరం నుంచి చూస్తే గుడో, మసీదో, చర్చో తేల్చుకోలేం. ఈ దేశంలోని దేవాలయం ఈ దేశపు శిల్పంతోనే ఉండాలని ఆయన పట్టుదల. దాన్ని కట్టడానికి దాదాపు పాతికేళ్ళు పట్టింది. కరువు వచ్చినప్పుడు, జనం పస్తులున్నప్పుడు పని ఆగేది, డబ్బు మనుషుల వైపు మళ్ళేది. బిషప్పు పదవిలో ఉన్నవాడికి తన పేరు నిలిచే కట్టడం ముగించాలని ఉండదా? ఎన్నోసార్లు ఉండే ఉంటుంది. ప్రతిసారీ రాయి ఆగింది, అన్నం ముందుకు వచ్చింది. చివరకు 1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగ రోజున, ప్రతిష్ఠ జరిగింది. అప్పటికి ఆయనకు అరవై నాలుగేళ్ళు.

ఆయనకు అన్నీ నెరవేరాయని రాస్తే అబద్ధమవుతుంది. మాల, మాదిగ తేడా సంఘంలోకి కూడా వచ్చింది. ఒకే బల్ల దగ్గర, ఒకే గిన్నెలోంచి సంస్కారం తీసుకోవాలని ఆయన జీవితమంతా పోరాడారు. చాలా చోట్ల గెలిచారు, కొన్ని చోట్ల గెలవలేదు. ఆ తేడా ఇవాళ్టికీ పూర్తిగా పోలేదని మనందరికీ తెలుసు. మా వీధి చివర పెళ్ళి సంబంధాల మాటలు వింటే చాలు. గాంధీ గారితో కూడా 1930 దశకంలో అభిప్రాయ భేదం వచ్చింది. పల్లె జనం మూకుమ్మడిగా మతం మారడం గాంధీ గారికి నచ్చలేదు. హరిజనుడికి తన దారి తాను ఎంచుకునే వివేకం ఉందని అజరయ్య గారు వాదించారు. అదే మనిషి క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నారు. దేశంలో కలిసి ఉండాలిగాని వేరే కోటా గోడలు కట్టుకోకూడదని ఆయన మతం. ఈ రెండూ ఒకే మనిషి అభిప్రాయాలని గుర్తుపెట్టుకోకుండా ఆయనను పొగిడేవాళ్ళు ఉన్నారు, తిట్టేవాళ్ళూ ఉన్నారు.

ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ఇతర సంఘాలవాళ్ళు ఒకటి కావాలని ఆయన 1919 నుంచి పాతికేళ్ళు కష్టపడ్డారు. పల్లెటూరివాడికి దొరల దేశపు పాత తగాదాలతో పనేమిటన్నది ఆయన వాదన. ఎన్నో కమిటీలు, ఎన్నో ముసాయిదాలు. మనకు తెలుసు గదా కమిటీల సంగతి. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడింది. ఆయన చూడలేదు.

1944 డిసెంబరులో డెబ్బై ఏళ్ళ వయసులో కూడా టూరులోనే ఉన్నారు. జ్వరంతో డోర్నకల్ తిరిగి వచ్చారు. 1945 జనవరి 1న కన్నుమూశారు. కెతెడ్రల్ ఆవరణలోనే సమాధి చేశారు.

ఈ వ్యాసం రాయడానికి ముందు ఒకరోజు డోర్నకల్ వెళ్ళి వచ్చాను. ఎందుకు వెళ్ళానో చెప్పి ముగిస్తాను. మా ఇంటావిడ కాలం చేసి మూడేళ్ళయింది. నలభై ఏడేళ్ళు ఇద్దరం పొద్దున్నే కూర్చుని ప్రార్థన చేసుకునేవాళ్ళం. ఆమె పాడేది, నేను చదివేవాణ్ణి. ఆమె పోయాక పుస్తకం తెరిస్తే ఆమె గొంతు వినబడేది. మూసేశాను. అలా ఏడాదిన్నర. ఆదివారం గుడికి వెళ్ళేవాణ్ణి, అందరూ చూస్తారు గనుక. ఇంట్లో మాత్రం దేవుడికీ నాకూ మాటల్లేవు. ఈ విషయం మా అబ్బాయికి కూడా చెప్పలేదు. నమ్మకం పోయిందా అని నన్నెవరైనా అడిగి ఉంటే లేదనేవాణ్ణి. ఉందని చెప్పడానికి మాత్రం నా దగ్గర ఏ రుజువూ ఉండేది కాదు.

అజరయ్య గారి సంగతులు ఒక పాత పుస్తకంలో చదువుతున్నప్పుడు పిడికెడు బియ్యం దగ్గరకు వచ్చి ఆగిపోయాను. అమ్మమ్మ ఆ కుండలో గుప్పెడు వేసిన రోజు ఆమెకు దేవుని మీద ఎంత నమ్మకం ఉందో నాకు తెలియదు. బహుశా ఏమీ లేదేమో. ఆకలి మాత్రం ఉంది. అయినా చేయి వెళ్ళింది. నమ్మకం ఉంది గనుక వేసిందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. వేస్తూ వేస్తూ ఉండబట్టి నమ్మకం నిలిచిందేమోనని అప్పుడు తోచింది.

డోర్నకల్‌లో సమాధి దగ్గర కాసేపు కూర్చున్నాను. పెద్దగా ఏమీ అనిపించలేదు, ఎండగా ఉంది. సాయంత్రానికి ఇల్లు చేరాను.

మా కోడలు కుక్కరులో కొలత గ్లాసుతో బియ్యం పోస్తుంది. మరునాడు పొద్దున ఆమె పోస్తుంటే నేను వంటింట్లోకి వెళ్ళి ఆ గ్లాసులోంచి ఒక పిడికెడు తీసి హార్లిక్స్ సీసాలో వేశాను. ఏమిటి మామయ్యా అంది. అమ్మమ్మ సంగతి చెప్పాను. ఆ తరువాత నా గదిలోకి వచ్చి పుస్తకం తెరిచాను. కీర్తన పాడటం నాకు రాదు, చదివాను. ఇది జరిగి తొమ్మిది నెలలు. మధ్యలో కొన్ని రోజులు తప్పాయి, ముఖ్యంగా కంటి ఆపరేషన్ అయినప్పుడు. ఆ రోజుల్లో మా కోడలే సీసాలో వేసి పెట్టింది. ఆదివారం ఆ బియ్యం గుడికి వెళుతుంది. అక్కడి నుంచి మా వీధిలోనే ఉన్న ఒక ముసలామె ఇంటికి చేరుతుంది. ఆమెది మా మతం కాదు. సీసా ఖాళీ చేసి తిరిగి తేవడం మా మనవరాలి పని.